సకుటుంబ సపరివార అడ్మినిస్ట్రేటర్లు

మదీనా చౌరస్తా నుంచి కాస్త లోపలికి నడిస్తే ఛత్తా బజార్ వస్తుంది. పాతబస్తీలో పెళ్లి కుదిరిన సంగతి చుట్టాలకన్నా ముందు ఇక్కడి ప్రెస్సులకు తెలుస్తుంది. పెళ్లి కార్డు వధూవరుల కోసం అచ్చవుతుందని లోకానికి ఒక అపోహ ఉంది. వాళ్ల పేర్లు పైన బంగారు రంగులో ఎలాగూ ఉంటాయి, వాటిని ఎవరూ చదవరు. కార్డు చేతికి రాగానే చూపు సరాసరి అడుక్కి దిగుతుంది. ఉర్దూ రుక్కా అయితే అక్కడ 'చష్మ్ బరాహ్' అని ఉంటుంది, దారివంక కళ్లప్పగించి ఎదురుచూసేవారు అని అర్థం. తెలుగు శుభలేఖ అయితే 'ఆహ్వానించువారు'. ఆ కింద పేర్లు. అందులో మన పేరుందా, ఉంటే తోడల్లుడి పేరుకు పైనా కిందా అన్నదే అసలు పఠనం. ఈ జాబితాకు ఒక గుణం ఉంది. పేరు చేర్చడానికి ఒక్క ఫోను చాలు. తీసెయ్యడానికి రెండు తరాల పంచాయితీ కూడా చాలదు. పోయినవాళ్ల పేర్లు సైతం పోవు, ముందో 'కీర్తిశేషులు' తగిలించుకుని అక్కడే కూర్చుంటాయి. ఇది సరిపోదన్నట్టు పైన ఇంకో మాట ఉంటుంది: 'సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి'. ఆ పరివారంలో ఎందరున్నారో పిలిచినవాడికీ తెలియదు, వచ్చేవాడికీ తెలియదు. రాత్రి పదిన్నరకు డేగ్ అడుగున గరిట టంగుమన్నప్పుడు వంటవాడికి తెలుస్తుంది.

కంప్యూటర్లకు పెళ్లిళ్లు లేవు కాబట్టి ఈ తిప్పలూ లేవనుకుంటాం. పొరపాటు. ఆఫీసులో ఒకదానికొకటి తగిలించి ఉన్న విండోస్ కంప్యూటర్లు పది ఉన్నా, పదివేలున్నా, ప్రతిదాని కడుపులోనూ ఒక శుభలేఖ ఉంటుంది. దాని పేరు 'అడ్మినిస్ట్రేటర్స్' గ్రూపు. ఇందులో పేరున్నవాడు ఆ యంత్రంలో ఏ బీరువా అయినా తెరవచ్చు, ఎవరి తాళమైనా మార్చవచ్చు, కావాలంటే ఇంటి యజమానినే బయట నిలబెట్టవచ్చు. ఇంతటి జాబితాను చూడాలంటే చేయాల్సింది చాలా తక్కువ. నల్ల తెర ఒకటి తెరిచి 'నెట్ లోకల్‌గ్రూప్ అడ్మినిస్ట్రేటర్స్' అని కొట్టి ఎంటర్ నొక్కితే చాలు. ముందు గ్రూపు పేరు వస్తుంది. దాని కింద ఒక వ్యాఖ్య వస్తుంది. ఈ గ్రూపువారికి కంప్యూటర్ మీద సంపూర్ణమైన, నిరాటంకమైన ప్రవేశం ఉంటుందని దాని సారాంశం. నిజాం దర్బారులో బిరుదు చదివేటప్పుడు కూడా ఇంత దిలాసాగా చదివి ఉండరు. తర్వాత 'సభ్యులు' అన్న మాట, తెర ఈ చివర నుంచి ఆ చివరకు ఒక గీత, గీత కింద పేర్లు, అన్నిటికన్నా అడుగున ఒక వాక్యం: ఆదేశం విజయవంతంగా పూర్తయింది. పైన మూడు పేర్లుంటే ఆ వాక్యం సహజంగానే ఉంటుంది. ముప్ఫై ఉన్నా అదే వాక్యం, అదే నిబ్బరం. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఆ నిబ్బరం గురించే. మనుషుల జాబితాలను మనుషులు చదివితే మొహమాటం అడ్డొస్తుంది, అందుకే అవి ఎన్నటికీ తగ్గవు. మొహమాటం ఎరగని ఆ నల్ల తెర చేత అప్పుడప్పుడూ పైకి చదివించకపోతే ఏ జాబితా అయినా చివరికి యజమానినే మింగుతుంది.

అసలు పేర్లు ఎలా చేరతాయో చూడండి. దుర్బుద్ధితో చేరే పేర్లు తక్కువ, ప్రింటర్ వల్ల చేరేవే ఎక్కువ. పత్తర్‌గట్టీలో చీరల దుకాణం ఒకటి అనుకుందాం. పండగ ముందురోజు, జనం కిటకిట, బిల్లు ప్రింటు కావడం లేదు. సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీ కుర్రాడు వచ్చి చూసి, 'సేఠ్, పర్మిషన్ లేదంటోంది, రెండు నిమిషాలు అడ్మిన్ చేయండి, మళ్లీ తీసేద్దాం' అంటాడు. చేస్తారు. బిల్లు బయటికొస్తుంది. ఆ రెండు నిమిషాలు ఎప్పుడు ముగుస్తాయన్నది హైదరాబాదు కాలమానానికి సంబంధించిన విషయం. ఈ ఊళ్లో 'పర్సోం' అంటే నిఘంటువు ప్రకారం మొన్న. వాడుకలో అది మొన్న కావచ్చు, పోయిన రంజాను కావచ్చు, ఊరి నాలుగొందలేళ్ల 'చార్‌సౌ సాల్' ఉత్సవాలకు ముందైనా కావచ్చు. 'పర్సోం ఇచ్చాం సార్, టెంపరరీగా' అని చెప్పే ప్రతి అనుమతి వెనకా ఒక శిథిల కట్టడానికుండేంత చరిత్ర ఉంటుంది. కుర్రాడు ఆ కంపెనీ మానేసి దుబాయ్ వెళ్లిపోతాడు, కంపెనీయే మూతపడుతుంది, ప్రింటర్ పాత సామాన్లవాడికి పోతుంది. ఆ పేరు మాత్రం గీత కింద నిలబడి ఉంటుంది.

దీనికి కంప్యూటర్లను నిందించనక్కర్లేదు. వాటికన్నా చాలా ముందు ఈ ప్రయోగం పాతబస్తీలోనే భారీ ఎత్తున జరిగింది. 1967 ఫిబ్రవరి 24న ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కన్నుమూశారు. ఏప్రిల్‌లో చౌమహల్లా ప్యాలెస్‌లో మనవడు ముకర్రం జా గద్దెనెక్కారు. వారసత్వంగా ఏమొచ్చిందని లెక్క తీస్తే నగలు, మహళ్లు, వాటితోపాటు ఒక గ్రూపు. నౌకర్లూ ఆశ్రితులూ కలిపి 14,718 మంది అని ఆ కుటుంబ చరిత్ర రాసినవాళ్లు లెక్క చెబుతారు. ఒక్క చౌమహల్లా జీతాల పట్టీలోనే ఆరువేల మంది ఉండేవారట. తాగేనీళ్లు తేవడం తప్ప మరో పని లేనివాళ్లు 28 మంది, షాండ్లియర్ల దుమ్ము దులిపేవాళ్లు 38 మంది, అక్రోటులు నూరడానికి ప్రత్యేకంగా మరికొందరు. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఉస్మాన్ అలీఖాన్ కాపురం ఉన్నది కింగ్ కోఠీలో. పొదుపుకు ఆయన పెట్టింది పేరు. ఆయన దగ్గర దుబారా పద్దు ఒక్క పైసా నెగ్గేది కాదని చెప్పుకునేవారు. అంతటి లెక్క మనిషి హయాంలో కూడా ఆయన కాపురం లేని మహల్లో దీపాలు తుడిచే 38 మంది పేర్లు చెక్కుచెదరలేదంటే, జాబితా బలం ఎంతటిదో ఊహించుకోండి. ఆ 38లో ఏ ఒక్కరినీ ఎవరూ తప్పుగా చేర్చి ఉండరు. ఎప్పుడో ఒక పండక్కి, ఎవరో ఒక నవాబు ముఖం చూసి, రెండు నిమిషాలకే చేర్చి ఉంటారు.

మిగతా పద్దులు ఇంకా ముచ్చటైనవి. గ్యారేజీలో అరవై కార్లు. అరవైకీ పెట్రోలూ విడిభాగాలూ ఖర్చు పడేవి. నడిచేవి నాలుగు. గద్దెనెక్కిన కొత్త నిజామును తీసుకువెళ్లాల్సిన కారు కూడా మధ్యలో ఆగిపోయిందట. వంటశాల రోజుకు రెండువేల మందికి వండేది. ఆరా తీస్తే తెలిసిందేమిటంటే, చుట్టుపక్కల హోటళ్లకు కూడా అక్కడి నుంచే గుట్టుగా సరఫరా అవుతోందని. నెట్‌వర్క్ భాషలో దీన్ని 'అనధికార వినియోగం' అంటారు. పాతబస్తీలో 'మేజబాన్ దిల్‌దార్', అంటే పిలిచినాయన మనసు పెద్దది, అంటారు. ముకర్రం జా హారో, కేంబ్రిడ్జిల్లో చదువుకున్న మనిషి. జాబితా చూశారు, కోయబోయారు. కోయబోతే ప్రతి పేరు వెనకా ఒక వకీలు లేచాడు. చివరికి ఆయన చేసినది ఈ ఊరి ప్రతి సిస్టమ్ అడ్మినిస్ట్రేటరూ మధ్యాహ్నం పూట మనసులో చేసుకునే పనే. అన్నీ వదిలేసి గొర్రెలు మేపుకోవడానికి పోయారు. మనవాళ్లు చేవెళ్ల దగ్గరో శంకర్‌పల్లి దగ్గరో అర ఎకరం దాకానే కలగంటారు. ఆయనకు పశ్చిమ ఆస్ట్రేలియా దాకా స్తోమత ఉంది. 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో మరణించాక మక్కా మసీదు ఆవరణకే తిరిగొచ్చారు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది, అది న్యాయమైనదే. 'మనుషులను పేర్ల వరసగా చూస్తావా? తాతల కాలం నుంచి ఆ గుమ్మం నమ్ముకుని బతికినవాళ్లు, వాళ్లను ఎంటర్ నొక్కి తీసేస్తావా?' అని. తీసేయమని నేను అనలేదు. ఆ మహల్లో జరిగిన పొరపాటు వేరే. అక్కడ అన్నం పెట్టాల్సిన జాబితా, తాళంచెవులు ఇవ్వాల్సిన జాబితా ఒక్కటైపోయాయి. ముసలి నౌకరుకు నెలనెలా డబ్బు పంపడం మర్యాద. అతని మొల్లో తోషాఖానా తాళంచెవి ఉంచడం మర్యాద కిందికి రాదు. కంప్యూటర్లలో ఈ రెంటినీ విడదీయడం సులువు, కానీ విడదీయం. రిటైరైన పెద్ద మేనేజరును అడ్మినిస్ట్రేటర్స్ నుంచి తీసేస్తే ఆయన చిన్నబుచ్చుకుంటారని ఊరుకుంటాం. చిన్నబుచ్చుకోవడానికి ఆయనకు ఆ సంగతి తెలియాలి కదా. ఆయన ఆ కంప్యూటర్ ముఖం చూసి ఆరేళ్లయింది. చనిపోయిన ఖాతా అయితే మరీ విచిత్రం. ఉద్యోగి వెళ్లిపోయాడని అతని ఖాతాను డొమైన్‌లో, అంటే ఆఫీసు కంప్యూటర్లన్నిటి ఉమ్మడి పద్దులో, చెరిపేస్తారు. యంత్రంలోని గ్రూపులో పేరు చెరిగిపోతుంది కానీ అతని సంఖ్య మిగిలిపోతుంది, ఎస్-1-5-21 అంటూ మొదలయ్యే తోకంత అంకెల వరస. మన 'కీర్తిశేషులు' లాంటిదే, కాకపోతే పేరు కూడా ఉండదు. ఈ అనాథ సంఖ్యలకు ఒక మహిమ ఉంది. సభ్యుల పేర్లు చెప్పడానికి మైక్రోసాఫ్ట్ తర్వాత తయారుచేసిన 'గెట్-లోకల్‌గ్రూప్‌మెంబర్' అనే కొత్త ఆదేశం, గ్రూపులో ఇలాంటి దెయ్యం ఒక్కటి కనిపిస్తే చాలు, బతికున్నవాళ్ల పేర్లు కూడా చెప్పకుండా పొరపాటు ప్రకటించి పడిపోతుంది. ముసలిదైన 'నెట్' మాత్రం చలించదు. 1980లలో ల్యాన్ మేనేజర్ కాలం నుంచి ఉన్న ఆదేశం అది, దాని కళ్లు చూడని దెయ్యాలు లేవు.

రెండో ఆక్షేపణ సుఖజీవులది. 'నల్ల తెర ఎందుకు, చక్కగా మౌస్‌తో కిటికీలు తెరుచుకుంటూ వెళ్తే అవే పేర్లు కనిపిస్తాయి కదా' అంటారు. కనిపిస్తాయి. కిటికీల సంగతి పాతబస్తీకి ఒకరు చెప్పనక్కర్లేదు. ఒకప్పటి ఈ ఊరి కోటగోడకు దర్వాజాలతోపాటు ఖిడ్కీలు కూడా ఉండేవి. మామూలు జనం దూరి వెళ్లే చిన్న దారులు అవి, ఖిడ్కీ బూద్ అలీ షా పేరు నేటికీ నిలిచే ఉంది. కిటికీలోంచి చూస్తే ఒక్క వీధి కనిపిస్తుంది. ఒక్క కంప్యూటర్ ఉన్నవాడు ఒక్క కిటికీ తెరుచుకుని చూసుకోవచ్చు, తప్పులేదు. రెండువందలున్నవాడు రెండువందల చోట్ల, ఒక్కోచోట అయిదారు కిటికీలు తెరవాలి. నలభయ్యో యంత్రం దగ్గర మనిషికి కళ్లు బైర్లు కమ్ముతాయి, యాభయ్యో దగ్గర 'ఇదీ అలాగే ఉంటుందిలే' అన్న వేదాంతం వస్తుంది. జాబితాలు బతికేది ఆ వేదాంతం మీదే. ఆదేశానికి అలసట లేదు. కంప్యూటర్ల పేర్లన్నీ ఒక ఫైలులో వరసగా రాసి, ఈ ఫైలులో ఉన్న ప్రతి ఇంటికీ వెళ్లి అడ్మినిస్ట్రేటర్లెవరో అడిగి రమ్మంటే, 'ఇన్‌వోక్-కమాండ్' అనే ఆదేశం కూర్చున్నచోటి నుంచే అన్ని తలుపులూ తట్టి వస్తుంది. మొదటి ఇంట్లో ఏ గొంతుతో అడిగిందో రెండువందలో ఇంట్లోనూ అదే గొంతు. తెరవని తలుపుల దగ్గర 'తెరవలేదు' అని ఎర్ర అక్షరాల్లో రాసుకొస్తుంది. జనాభా లెక్కలకు ఇంతకంటే మంచి గుమాస్తా దొరకడు.

ఇంతదాకా ఆదేశాన్ని పొగిడాను కాబట్టి దాని మీద చాడీ చెప్పే హక్కు కూడా నాకుంది. నల్ల తెరకు మొహమాటం లేదు, నిజమే. కానీ అడిగినంతే చెబుతుంది. గీత కింద మూడే పేర్లున్నాయని నిమ్మళించిన యజమాని ఆ మూడో పేరును మళ్లీ చదవాలి. అది మనిషి పేరు కాకపోవచ్చు, మరో గ్రూపు పేరు కావచ్చు. కంప్యూటర్‌ను డొమైన్‌లో చేర్చిన మరుక్షణం 'డొమైన్ అడ్మిన్స్' అనే గ్రూపు దానంతట అదే స్థానిక అడ్మినిస్ట్రేటర్స్‌లో కూర్చుంటుంది. కార్డులో ఒక్క పేరే కనిపిస్తుంది: ఫలానావారు, సకుటుంబ సపరివార సమేతంగా. ఆ పరివారంలో ఇంకో గ్రూపు ఉండవచ్చు, దానిలో మరొకటి. 'నెట్ లోకల్‌గ్రూప్' ఇంటి పెద్ద పేరు చెప్పి ఊరుకుంటుంది, ఆటోలోంచి దిగేవాళ్లను లెక్కపెట్టదు. లెక్కపెట్టాలంటే వేరే ఆదేశానికి, 'గెట్-ఏడీగ్రూప్‌మెంబర్'కు, 'రికర్సివ్' అని తోక తగిలించి పంపాలి. అప్పుడది గుంపులో గుంపు విప్పుకుంటూ చివరి మనిషి దాకా పోయి పేర్లన్నీ తెస్తుంది. మూడు పేర్లు నూటముప్ఫై అవుతాయి. కొన్ని ఆఫీసుల్లో ఇంకో సొగసు కూడా కనిపిస్తుంది. ఒకటో గ్రూపు రెండో గ్రూపులో సభ్యురాలు, రెండోది మళ్లీ ఒకటో దానిలో సభ్యురాలు. డొమైన్ పేర్లన్నీ రాసిపెట్టుకునే యాక్టివ్ డైరెక్టరీ దీనికి అభ్యంతరం చెప్పదు. మేనరికాలు తెలిసిన మనకు ఇందులో వింత ఏమీ కనిపించదు, వియ్యంకుడు బావమరిది కూడా కావడం మామూలే. ఆ చుట్టరికాన్ని రాసుకుంటూ పోయే స్క్రిప్టు మాత్రం, రాసినవాడు జాగ్రత్తపడకపోతే, తెల్లవార్లూ ఆ ఇద్దరి ఇళ్ల మధ్యే తిరుగుతూ ఉంటుంది.

చేరికకు అంతులేదా అంటే ఒక్క అంతు ఉంది, అది ఆశ్చర్యకరమైన చోట ఉంది. ఒక మనిషి వెయ్యిన్నీ ఓ పదిపదిహేను గ్రూపులకు మించి సభ్యుడయ్యాడా, విండోస్ అతన్ని అసలు లోపలికే రానివ్వదు. అన్ని గ్రూపుల గుర్తులూ కలిపి కట్టే మూటలో అంతకుమించి చోటుండదు. అందరి దర్బారుల్లోనూ కుర్చీ ఉన్న పెద్దమనిషి చివరికి సొంతింటి గుమ్మం దగ్గర ఆగిపోతాడన్నమాట. పేరు పొడవుకు కూడా హద్దుంది, పాతకాలపు లాగిన్ పేరు ఇరవై అక్షరాలకు మించకూడదు. ముజఫ్ఫర్ ఉల్ ముల్క్ నుంచి ఫతే జంగ్ దాకా ఏడో నిజాం బిరుదులన్నీ పెట్టుకుని లాగిన్ కావాలంటే రెండో బిరుదు దగ్గరే ఆగిపోవాలి. ఇక 'మాది లినక్స్, మాకీ గొడవ లేదు' అనే వర్గం ఒకటుంది. 'గెట్‌ఎంట్ గ్రూప్' కొడితే వాళ్లకు పేర్లొస్తాయి, నిజమే. పైచేర్పుగా కలిసినవాళ్ల పేర్లే వస్తాయి. పుట్టుకతోనే ఆ గ్రూపు ఇంటిపేరైనవాళ్ల వివరం ఆ వరసలో ఉండదు, పాస్‌వర్డ్ ఫైలులో వాళ్ల సొంత పద్దులో ఉంటుంది. విండోస్ డైరెక్టరీలోనూ ఇదే తంతు. డొమైన్‌లో పుట్టిన ప్రతివాడూ మామూలుగా 'డొమైన్ యూజర్స్' వాడే, ఆ గ్రూపు పద్దులో సభ్యుల గడి చూస్తే మాత్రం ఖాళీ. చార్మినార్ దగ్గర నిలబడి 'ఇక్కడ హైదరాబాదీలు ఎవరు' అని అడిగితే ఎవరూ చెయ్యెత్తనట్టు. అంతకన్నా పెద్ద ముసుగు గ్రూపు పేరులోనే ఉంటుంది. లినక్స్‌లో 'డాకర్' అనే గ్రూపు పేరు వింటే ఏదో ఓడరేవు కూలీల సంఘంలా అమాయకంగా ఉంటుంది. అందులో చేరినవాడికి ఆ యంత్రం మీద దాదాపు సర్వాధికారి 'రూట్' అంతటి పెత్తనం దొరికినట్టే. విండోస్‌లో 'బ్యాకప్ ఆపరేటర్స్' అంతే. దస్త్రాలను నకలు తీసి దాచే గుమాస్తాలు కదా అనుకుంటాం. దాచాలంటే చదవాలి, అందుకని తాళం ఉన్నా లేకున్నా ఏ దస్త్రమైనా వాళ్లకు తెరుచుకుంటుంది. కాబట్టి జాబితా అడిగేవాడు బిరుదులు మోసే నవాబులను మాత్రమే అడిగితే చాలదు, అక్రోటులు నూరేవాడిని కూడా అడగాలి.

పేరు తీసేశాం, ఇక అయిపోయిందనుకునేవాళ్ల కోసం ఇంకొక్క సాక్ష్యం, అది కూడా ఈ ఊరిదే. మనిషి లాగిన్ అయిన క్షణంలో అతనికున్న గ్రూపులన్నీ మూటగట్టి విండోస్ అతని చేతికిస్తుంది. దాన్ని టోకెన్ అంటారు. ఆ తర్వాత గ్రూపులోంచి పేరు కొట్టేసినా, అతను బయటికెళ్లి మళ్లీ వచ్చేదాకా పాత మూట పనిచేస్తూనే ఉంటుంది. డొమైన్ ఇచ్చే కెర్బరోస్ టికెట్టుకు కూడా మామూలుగా పది గంటల ఆయుష్షు ఉంటుంది. పది గంటలు ఎక్కువనిపిస్తే 1948ని గుర్తుచేసుకోండి. సెప్టెంబరు 17న హైదరాబాదు సంస్థానం లొంగిపోయింది, అంటే డొమైన్ మారిపోయింది. సెప్టెంబరు 20న లండన్ బ్యాంకులోని నిజాం ప్రభుత్వ ఖాతా నుంచి 10,07,940 పౌండ్ల 9 షిల్లింగులు పాకిస్తాన్ హైకమిషనర్ రహీమ్‌తూలా పేరు మీదికి వెళ్లిపోయాయి. నడిపినవారు నిజాం మంత్రి మొయిన్ నవాజ్ జంగ్. ప్రభుత్వం పోయింది, లండన్‌లో ఆయన పాత టోకెన్ చెల్లుబాటవుతూనే ఉంది. కొద్దిరోజుల్లోనే నిజాం, అది నా అనుమతితో జరగలేదు, వెనక్కి ఇవ్వండి అన్నారు. బ్యాంకు ఇరువురి మధ్యా ఇరుక్కుని డబ్బు మీద కూర్చుంది. 1957లో బ్రిటన్ ప్రభువుల సభ దాకా పోయినా తేలలేదు. ఆ ఖాతా మీద హక్కున్న గ్రూపులో సభ్యులెవరు? ప్రశ్న ఇంతే. 2019 అక్టోబరు 2న లండన్ న్యాయమూర్తి మార్కస్ స్మిత్ జవాబు చెప్పారు: భారత ప్రభుత్వమూ, నిజాం మనవలిద్దరూ అని. ఆ సరికి పది లక్షలు మూడున్నర కోట్ల పౌండ్లయ్యాయి. ఒక ఆదేశానికి 71 ఏళ్లు తెర మెరుస్తూ ఉండటం కంప్యూటర్ల చరిత్రలో ఇంకా జరగలేదు. ఆ తీర్పు తర్వాత మిగతా వారసులు మేమూ ఉన్నామని లేచారు. సకుటుంబ సపరివారంగా, నూటికి పైగా.

మూడో ఆక్షేపణ అనుభవజ్ఞులది, దీనికి నేను సగం తలొగ్గుతాను. 'పేరు తీస్తే ఏదో ఒకటి ఆగుతుంది' అంటారు. ఆగుతుంది. ఎవరికీ తెలియని పాత ఖాతా ఒకటి నెలాఖరున జీతాల ఫైలు ప్రింటు తీస్తూ ఉంటుంది. దాన్ని శుక్రవారం సాయంత్రం ఉత్సాహంగా తీసేసిన కొత్త అడ్మిన్‌కు ఒకటో తారీఖున ఆఫీసు మొత్తం కలిసి స్వాగతం పలుకుతుంది. 28 మంది నీళ్లవాళ్లలోనూ నిజంగా నీళ్లు తెచ్చేవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉండి ఉంటారు, వాళ్లు మానేసిన రోజున మహల్ గొంతెండిపోతుంది. కానీ ఈ వాదన తీసేయడం గురించి. నేను అడుగుతున్నది చదవడం గురించి. ఆ ఇద్దరు ముగ్గురెవరో తెలియాలన్నా ముందు 28 పేర్లూ పైకి చదవాలి, ఒక్కో పేరు పక్కన 'ఎవరు, ఎందుకు, ఎప్పటి నుంచి' అని రాసుకోవాలి. 'పర్సోం' అన్న జవాబును ఒప్పుకోకూడదు. తెలిసి ఉంచుకున్న పేరుకూ, తెలియక ఉండిపోయిన పేరుకూ తెర మీద తేడా కనిపించదు. యజమాని నోట్‌బుక్కులో కనిపిస్తుంది.

చివరి ఆక్షేపణ కాస్త బెదిరింపుగా ఉంటుంది. 'ఈ ఆదేశాలు దొంగలు వాడేవి, వీటిని ఊరంతా చాటడమెందుకు?' నిజమే, దొంగలు వాడతారు. ఒక నెట్‌వర్క్‌లోకి చొరబడినవాడు మొట్టమొదట చేసే పనుల్లో డొమైన్ అడ్మిన్లు ఎవరెవరో అడగడం ఒకటి. దాడుల పద్ధతులను వరసపెట్టి రాసే మైటర్ పట్టికలో దీనికి టి1069 అని నంబరు కూడా ఇచ్చారు. మైక్రోసాఫ్ట్ కూడా ఊరుకోలేదు. 2016 నుంచి వచ్చిన విండోస్‌లలో మామూలు యూజరు ఎవరైనా దూరం నుంచి పక్క యంత్రాన్ని 'మీ ఇంట్లో ఎవరెవరున్నారు' అని అడిగితే జవాబు రాకుండా కట్టడి చేసింది. ఆ కంపెనీ 1998 నుంచి మూసీకి అవతలివైపు ఇదే ఊళ్లో ఉంది కాబట్టి, వచ్చీపోయేవాడు ఇంటి గుట్టు ఆరా తీయడమంటే ఏమిటో దానికి కొత్తగా చెప్పక్కర్లేదు. అయితే దొంగ ఎందుకంత శ్రద్ధగా ఆ జాబితా చదువుతాడో ఆలోచించండి. దుబాయ్ వెళ్లిపోయిన కుర్రాడి పేరు కోసం. ప్రింటర్ కోసం చేర్చిన పేరు కోసం. ఎవరూ పట్టించుకోని, తాళం ఏనాడూ మార్చని, అలికిడైనా ఎవరూ తలెత్తి చూడని పేరు కోసం. యజమాని వెయ్యిన్నొక్క పనుల్లో పడి పదేళ్లుగా ఒక్కసారి కూడా అడగని ప్రశ్నను దొంగ వచ్చిన అయిదో నిమిషంలో అడుగుతాడు. నల్ల తెర అతనికీ అదే గీత గీస్తుంది, గీత కింద అవే పేర్లు రాస్తుంది, అడుగున అంతే నిబ్బరంగా చెబుతుంది: ఆదేశం విజయవంతంగా పూర్తయింది.